45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు టిప్పర్, రివర్సిబుల్ నాగలి, లోడర్: ఏది ముందు, ఏది వద్దు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. దేవరకొండ దగ్గర తొమ్మిదెకరాల చెలక, మూడెకరాల వరి మడి, రెండెకరాల బత్తాయి తోట. 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండి, కొని మూడేళ్లు. టిప్పర్ ట్రాలీ, మట్టిని రెండు వైపులా తిప్పగల హైడ్రాలిక్ రివర్సిబుల్ నాగలి, బండి ముందు బకెట్‌తో మట్టి ఎత్తే లోడర్ మూడూ ఒకే లోన్‌లో తీసుకుని, సొంత పని చేసుకుంటూ కిరాయికి కూడా తిప్పాలని నీ ఆలోచన. డీలర్ 'మూడూ నడుస్తాయి' అన్నాడు. చివర్లో ఒక ముక్క రాశావు, రోటవేటర్ లేపినప్పుడు లిఫ్ట్ పైన కుదురుగా నిలబడకుండా తల ఊపినట్టు వణుకుతోందని.

నా జవాబు ముందే చెప్తాను. ట్రాలీ తీసుకో. నాగలి ఒక సీజన్ ఆగి తీసుకో. లోడర్ ఈ బండికి వద్దు. అయితే ఆ వణుకు సంగతి తేలేదాకా ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టకు. నేను కల్వకుర్తి వైపు ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లు నడుపుతున్నాను, అందులో ఎనిమిదేళ్లు షెడ్డులో లిఫ్టులు, పంపులు విప్పాను. నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఎక్కువ ఇలా పనిముట్టు ముందు కొని, బండి సంగతి తర్వాత చూసుకున్నవే.

డీలర్ నీ బండి హెచ్‌పీ చూసి మాట్లాడాడు. హైడ్రాలిక్ పనిముట్టుకు హెచ్‌పీ కంటే ముందు చూడాల్సింది ఆయిల్. నీ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు పంపుతుంది, ఎంత ఒత్తిడితో పంపుతుంది, ఆ ఆయిల్ ఎంత శుభ్రంగా ఉంది అనేవి. ఒత్తిడి బలాన్నిస్తుంది, లీటర్లు వేగాన్నిస్తాయి. లెక్క కష్టమేమీ కాదు. నీ పంపు నిమిషానికి 24 లీటర్లు, ఒత్తిడి 180 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) అనుకుందాం. రెండింటినీ గుణించి 600తో భాగిస్తే 7.2 కిలోవాట్లు వస్తుంది, అంటే దాదాపు 10 హెచ్‌పీ. 45 హెచ్‌పీ ఇంజన్ నుంచి హైడ్రాలిక్ పనిముట్టుకు చేరేది అంతే. బ్రోచర్‌లో ఈ అంకెలు లేకపోతే మాన్యువల్‌లో చూడు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే రిపోర్టులో కూడా లిఫ్ట్ సామర్థ్యం, హైడ్రాలిక్ పవర్ విడిగా ఉంటాయి. డీలర్‌ను నీ మోడల్ రిపోర్టు అడుగు.

ఇప్పుడు వణుకు. రోటవేటర్ లేపి లివర్ ఒకచోట ఆపితే అది అక్కడే నిలబడాలి. లోపల ఎక్కడో ఆయిల్ కారుతుంటే బరువు కొంచెం దిగుతుంది, దిగిందని కంట్రోల్ వాల్వ్ గుర్తించి మళ్లీ లేపుతుంది, మళ్లీ దిగుతుంది. బయటికి అది వణుకులా కనిపిస్తుంది. ముందు డ్రాఫ్ట్ లివర్ (నేల లాగుడును బట్టి పనిముట్టును దానంతటదే లేపి దించేది) ఎక్కడుందో చూడు. కొంతమంది దున్నేటప్పుడు పెట్టిన డ్రాఫ్ట్ అలాగే వదిలేసి రోడ్డెక్కుతారు, అప్పుడు గతుకుల్లో పనిముట్టు ఎగిరెగిరి పడుతుంది. అది రోగం కాదు, లివర్ తప్పు. పెట్టిన ఎత్తులోనే నిలిపే పొజిషన్ లివర్‌తో లేపినా ఊగుతుంటే ఈ పరీక్ష చెయ్యి. చదునైన చోట రోటవేటర్ పూర్తిగా లేపి ఇంజన్ ఆపు. నేల నుంచి దాని ఎత్తు టేపుతో కొలిచి రాసుకో, కొలిచేటప్పుడు కాలు గానీ చెయ్యి గానీ కింద పెట్టకు. అరగంటలో అంగుళం, రెండంగుళాలు దిగితే కంగారు లేదు. ఐదు నిమిషాల్లో నేల మీద కూర్చుంటే లోపల లిఫ్ట్ పిస్టన్ సీల్ పోయిందో, వాల్వ్ అరిగిందో చూడాలి. సీల్ అయితే చిన్న ఖర్చు. దాన్ని అలాగే పెట్టుకుని రివర్సిబుల్ నాగలి తగిలిస్తే ఆ చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

నీకు మడి కూడా ఉంది కాబట్టి ఇంకొకటి అడుగుతున్నాను. పోయిన వానాకాలం కరిగెట (నీళ్లు పెట్టిన బురద మడి) దున్నిన తర్వాత వెనక గేర్‌బాక్స్ ఆయిల్ రంగు చూశావా? ఇరుసు సీళ్లలోంచి, గాలి ఆడే బ్రీదర్‌లోంచి బురద నీళ్లు లోపలికి పోతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల చాయలో, చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. రాత్రంతా బండి కదపకుండా నిలిపి, పొద్దున స్టార్ట్ చెయ్యకముందే కింది డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూడు, ముందు నీళ్లే వస్తాయి. అలా వస్తే ఆయిల్ మొత్తం మార్చాల్సిందే, పైన కొంచెం పోస్తే సరిపోదు. మార్చేటప్పుడు ఆయిల్ వడగట్టే జాలి, ఫిల్టర్ కూడా విప్పి కడిగించు లేదా మార్పించు. ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించు. ఈ కాలపు బండ్లలో చాలావాటికి బ్రేకులు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. షాపువాడు చవకగా ఉందని ఇచ్చే మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు చెడతాయి, పంపూ చెడుతుంది.

ఈ సంగతి మీద నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన తర్వాత మా వైపు చెరువు మట్టి పొలాలకు తోలుకునే పని బాగా వచ్చింది. 2016 ఎండాకాలంలో నాకు టిప్పర్ లేక, తెలిసినవాళ్ల ట్రాలీ పది రోజులు తెచ్చుకున్నాను. దాని హోస్ పైపు కొసకు మూత లేదు. ఎర్ర దుమ్ము పట్టిన కప్లింగ్‌ను గుడ్డతో పైపైన తుడిచి తగిలించాను. ఆ ట్రాలీని లేపే జాకీలో (హైడ్రాలిక్ సిలిండర్‌లో) అంతకుముందు ఏ బండి ఆయిల్ ఉందో, ఎంత పాతదో నేను అడగలేదు. రెండు వారాలకు పంపు కీచుమనడం మొదలుపెట్టింది. జాలి విప్పితే ఇనుప రజను మెరుస్తూ కనిపించింది. పంపు మార్చాను, గేర్‌బాక్స్ మొత్తం కడిగించాను, మంచి సీజన్‌లో పన్నెండు రోజులు బండి షెడ్డులో ఉంది. మన బండ్లలో ఎక్కువవాటికి గేర్లకు, లిఫ్ట్‌కు, బయటి జాకీకి ఒకటే ఆయిల్. ట్రాలీ పైపు తగిలించడమంటే ఆ ట్రాలీ జాకీని నీ గేర్‌బాక్స్‌కు కలపడమే. కిరాయికి తిప్పుతానంటున్నావు కాబట్టి ఇప్పుడే ఒక నియమం పెట్టుకో. నీ ట్రాలీ వేరే బండికి పోకూడదు, వేరేవాళ్ల ట్రాలీ నీ బండికి రాకూడదు. రెండు కొసలకూ రబ్బరు మూతలు ఉండాలి, తగిలించే ముందు డీజిల్‌తో కడగాలి.

ట్రాలీ ముందు ఎందుకన్నానంటే, నీ బండికి అది సులువైన పని. టిప్పర్ జాకీ సింగిల్ యాక్టింగ్, అంటే ఆయిల్ లేపుతుంది, బరువు దించుతుంది. దానికి బండితో వచ్చిన టిప్పింగ్ పైపు ఒక్కటి చాలు, వేరే వాల్వ్ అక్కర్లేదు. బోరు (లోపలి వెడల్పు) 100 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (సాగే పొడవు) ఒక మీటరు ఉన్న జాకీ నిండడానికి దాదాపు ఎనిమిది లీటర్ల ఆయిల్ పడుతుంది. నీ పంపు 24 లీటర్లదైతే ఇరవై సెకన్లలో లేస్తుంది. 150 బార్ ఒత్తిడికి ఆ జాకీ పన్నెండు టన్నుల దాకా తోస్తుంది. జాకీ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ట్రాలీ లేవడం మొదలయ్యేటప్పుడు అంత బలం పనికి రాదు, అయినా మూడు నాలుగు టన్నుల మట్టికి ఇబ్బంది లేదు. కానీ ఆ ఎనిమిది లీటర్లూ నీ గేర్‌బాక్స్‌లోంచే వస్తాయి, ఇది గుర్తుపెట్టుకో. డిప్‌స్టిక్ మీద కింది గీతకు ఉన్న బండితో ట్రాలీ లేపితే పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది, ట్రాలీ సగంలో ఆగి ఆగి లేస్తుంది. దిబ్బ మీద ఏటవాలుగా నిలిపితే ఇంకా తొందరగా జరుగుతుంది. ఆయిల్ పై గీతకు ఉంచు. పెద్ద జాకీ ఉన్న ట్రాలీ చూపిస్తే అది ఎన్ని లీటర్లు మింగుతుందో అడిగి, నీ మాన్యువల్‌లో బయటికి ఎంత తియ్యొచ్చో చూసి సరిపోల్చు.

హోస్ పైపు మీద అక్షరాలు చదవడం అలవాటు చేసుకో. ఆర్1 అంటే లోపల ఒక వరుస ఇనుప తీగల అల్లిక, ఆర్2 అంటే రెండు వరుసలు. అర అంగుళం ఆర్1 పైపు 160 బార్ దాకానే పనిచేస్తుంది, అదే సైజు ఆర్2 అయితే 275 బార్. నీ బండి ఒత్తిడి 180 అయినప్పుడు ఆర్1 పైపు వేయించుకోకూడదు. బయట నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. పైపు ఎక్కడైనా చెమ్మగా కనిపిస్తే వేలితో తడమొద్దు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు, లోపల మాత్రం కండ చచ్చుబడిపోతుంది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. కారుతున్న చోటు కనిపెట్టాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. దీన్ని నీ డ్రైవర్‌కు కూడా చెప్పు.

ట్రాలీ లేపేముందు తల ఎత్తి పైకి చూడు. మన పొలాల మీద నుంచి పోయే 11 కేవీ వైర్లు ఎండాకాలంలో ఇంకా కిందికి వేలాడతాయి. వెనక డోరు తెరిచాకే లేపాలి, లేపిన ట్రాలీతో బండి కదపకూడదు. లేపి ఉన్న ట్రాలీ కింద గ్రీజు పెట్టాలన్నా, మట్టి గీకాలన్నా ముందు ఇనుప స్టాండ్ పెట్టాలి. జాకీని నమ్మి మనిషి కిందికి పోకూడదు, పైపు పగిలితే తప్పుకునే వ్యవధి ఉండదు.

నాగలి విషయం. రివర్సిబుల్ నాగలి మంచి పనిముట్టు, నాకు ఇష్టమైనది కూడా. మడి చుట్టూ తిరగక్కర్లేదు, ఒక గట్టు నుంచి మొదలుపెట్టి అవతలి గట్టు దాకా పోయి, తిప్పి, అదే సాలు పక్కనే రావచ్చు. మధ్యలో కాలువలాంటి సాలు మిగలదు. వాలు ఉన్న చేనులో మట్టిని పై వైపుకే తిప్పుకోవచ్చు. కానీ దాన్ని తిప్పే జాకీ డబుల్ యాక్టింగ్, అంటే ఆయిల్ రెండు వైపులా తోస్తుంది, రెండు పైపులు కావాలి, అందుకు తగ్గ వాల్వ్ కావాలి. నీ బండికి ఆ వాల్వ్ ఫ్యాక్టరీ నుంచి ఉందో లేదో ముందు చూడు. లేకపోతే కంపెనీ కిట్ వేయించు, వారంటీ మాట కాగితం మీద రాయించుకో. వాల్వ్ వచ్చాక లివర్ విషయంలో జాగ్రత్త. నాగలి తిరిగాక కూడా లివర్ పట్టుకునే ఉంటే లేదా అది మధ్యకు రాకుండా ఇరుక్కుంటే, పంపు పంపే ఆయిల్ అంతా రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునేది) మీద నుంచి తిరిగిపోతుంది. ఇందాక చెప్పిన 7.2 కిలోవాట్లూ వేడిగా మారతాయి. వెయ్యి వాట్ల వాటర్ హీటర్ రాడ్లు ఏడు గేర్‌బాక్స్‌లో ముంచినంత వేడి. రిలీఫ్ వాల్వ్ కీచుమని అరిస్తే లివర్ వదిలెయ్యి. ఇంకా బలం కావాలని ఆ వాల్వ్ స్ప్రింగ్ బిగించే మెకానిక్ ఎవరైనా ఉంటే అతని దగ్గరికి మళ్లీ పోకు.

బరువు సంగతి కూడా చూడాలి. లిఫ్ట్ 1600 కిలోలు అని బ్రోచర్‌లో రాసింది పనిముట్టు తగిలించే కింది చేతుల (లోయర్ లింకుల) కొస దగ్గర. నాగలి బరువు అక్కడ ఉండదు, రెండు అడుగులు వెనక ఉంటుంది, అక్కడ అంత లేపదు. రెండు పాళ్ల రివర్సిబుల్ 400 కిలోలు అనుకుంటే దాన్ని లేపడం నీ బండికి కష్టం కాదు, కష్టం ముందు చక్రాలకు వస్తుంది. వెనక ఇరుసు నుంచి 1.6 మీటర్ల దూరంలో 400 కిలోలు వేలాడితే, రెండు మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండికి ముందు నుంచి 320 కిలోలు తేలికవుతాయి. స్టీరింగ్ మాట వినాలంటే బండి మొత్తం బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. నీది 1900 కిలోల బండి అయితే 380 కిలోలు. అంచు మీద ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు లేస్తుంది. కాబట్టి ముందు బంపర్ వెయిట్లు లెక్కలో వేసుకో.

ఇంత చెప్పాక కూడా ఒక సీజన్ ఆగమన్నది ఇంకో కారణంతో. గద్వాల, కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు నల్లరేగడిలో ఈ నాగలి బంగారం. నీ చెలకలో ఆరేడు అంగుళాల ఎర్రమట్టి కింద చాలాచోట్ల మొరం, కొన్నిచోట్ల పరుపు బండ. లోతుగా వేస్తే ఆ మొరం పైకి వచ్చి కూర్చుంటుంది, దాన్ని మళ్లీ కిందికి పంపలేవు. ముందు గడ్డపారతో పది చోట్ల తవ్వి మట్టి లోతు చూడు. ఆ తర్వాత ఎవరిదైనా నాగలి కిరాయికి పిలిచి రెండెకరాలు దున్నించు. నాగలి ఒక్కటే తెచ్చుకుని నీ బండికి తగిలించకు, బండితో సహా రమ్మను, కారణం పైన చెప్పాను. రాయి తగిలేచోట్ల డ్రాఫ్ట్ కంట్రోల్ వాడాలి, గట్టి నేల రాగానే లాగుడు పెరిగి నాగలి దానంతటదే కొంచెం లేస్తుంది. రోటవేటర్‌కు, బ్లేడుకు, విత్తనాల గొర్రుకు మాత్రం పొజిషన్ లివరే. షేర్ బోల్ట్ (రాయి తగిలితే ముందు తానే తెగి నాగలిని కాపాడేది) ఉన్న నాగలైతే అది తెగినప్పుడల్లా అదే రకం బోల్ట్ వెయ్యి, గట్టి బోల్ట్ వేస్తే తర్వాత ఫ్రేమే వంగుతుంది. పిన్ను సైజు కూడా చూసుకో. లోయర్ లింక్ పిన్ను 22 మిల్లీమీటర్లది ఒక రకం, 28 మిల్లీమీటర్లది ఇంకో రకం. పెద్ద బాల్‌లో చిన్న పిన్ను బుష్ లేకుండా నడిపితే రెండూ అరిగిపోతాయి.

లోడర్ ఎందుకు వద్దన్నానంటే, బకెట్ బరువు, అందులో మట్టి కలిపి 450 కిలోలు అనుకో. అది ముందు ఇరుసుకు ఒకటిన్నర మీటర్ల ముందు వేలాడుతుంది. ముందు ఇరుసు మీద పడేది 450 కాదు, దాదాపు 790 కిలోలు. వెనక నుంచి 340 కిలోలు తేలికవుతాయి. ఆ పైన లోడర్ ఫ్రేమ్ బరువు. సన్న 6.00-16 ముందు టైర్లు, మామూలు ముందు ఇరుసు ఉన్న టూ వీల్ బండి రోజంతా దీన్ని మోస్తే స్పిండిల్ బేరింగులు, స్టీరింగ్ జాయింట్లు ఒక్కొక్కటిగా పోతాయి. బకెట్‌లోకి తోసేటప్పుడు వెనక చక్రాలు పట్టు లేక తిరుగుతాయి, వాటికి నీళ్లు నింపాలి, వెనక బరువు కట్టాలి. ఎత్తడానికి ఒకటి, బకెట్ తిప్పడానికి ఒకటి, రెండు డబుల్ యాక్టింగ్ వాల్వులు కావాలి. అంతా చేశాక 24 లీటర్ల పంపుతో బకెట్ నెమ్మదిగా లేస్తుంది, జేసీబీ పక్కన నీకు కిరాయి ఎవరూ ఇవ్వరు. చెరువు మట్టి నింపడానికి గంటల లెక్కన జేసీబీ పిలువు, నీ టిప్పర్‌తో తోలు, ఆ లెక్కే నిలబడుతుంది. 50 హెచ్‌పీ పైన, ఫోర్ వీల్ డ్రైవ్, గట్టి ముందు ఇరుసు ఉన్న బండి ఎప్పుడైనా తీసుకుంటే లోడర్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.

లోడర్ బదులు వెనక బ్లేడు తగిలించుకుంటే గట్లు సరిచేయడం, చిన్న ఎత్తుపల్లాలు లాగడం అయిపోతాయి. అయితే వెనక లిఫ్ట్ గురించి చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. అది పైకి మాత్రమే లేపుతుంది, కిందికి నొక్కదు. దిగడం పనిముట్టు సొంత బరువుతోనే. బత్తాయి తోటలో చచ్చిన చెట్ల స్థానంలో గుంతలు తీయడానికి డ్రిల్ తెచ్చినప్పుడు మొరం దగ్గర అది దిగక తిరుగుతూ ఉంటుంది. అప్పుడు బరువుకని దాని మీద మనిషిని నిలబెడతారు. ఇది నేను కళ్లారా చూశాను, మాట్లాడి దింపేశాను. తిరిగే షాఫ్ట్‌కు లుంగీ కొసో, తువ్వాలో చుట్టుకుంటే ఆ మనిషి దక్కడు. దిగకపోతే ముందురోజు గుంతలో నీళ్లు పోసి నాననివ్వు, లేదా గడ్డపారతో మొరం పగలగొట్టించు.

ఇంకొక చిన్న విషయం, ఎండాకాలంలో నీకు తప్పక ఎదురవుతుంది. ఎండలో పడున్న ట్రాలీ పైపు కప్లింగ్ ఎంత నొక్కినా కూర్చోదు. లోపల చిక్కుకున్న ఆయిల్ వేడికి వ్యాకోచించి ఒత్తిడి పెంచింది కాబట్టి. సుత్తితో కొట్టకు, కప్లింగ్ సీటు దెబ్బతింటుంది. దాన్ని నీడకు లాగి చల్లారనివ్వు. విప్పేటప్పుడే ట్రాలీ పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, లివర్ రెండు మూడుసార్లు అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోగొట్టి విప్పితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ముందు ఆ ఎత్తు కొలిచే పరీక్ష చెయ్యి. ఎన్ని నిమిషాల్లో ఎన్ని అంగుళాలు దిగిందో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఏ రంగులో ఉందో, నీ బండి మోడల్, పంపు లీటర్లు రాయి. ట్రాలీకి ఎంత బోరు జాకీ సరిపోతుందో లెక్కకట్టి చెప్తాను.